వెనక టైర్లు లోపలి అంచునే గుండవుతుంటే: అలైన్‌మెంట్ సరిపోతుందా, ఆర్ములు మార్చాలా, టైర్లే మార్చాలా?

నా కారు బీఎండబ్ల్యూ 3 సిరీస్, ఎఫ్30 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఒకరోజు పంక్చర్ వేయించడానికి ఆగాను. వెనక చక్రం ఊడదీసిన కుర్రాడు దాన్ని తిప్పి నా వైపు పెట్టి, "సార్, దీంతోనే హైవే మీద వచ్చారా?" అన్నాడు. బయటి వైపు గాడి ఇంకా 5 మి.మీ. ఉంది. లోపలి అంచున తీగలు బయటపడ్డాయి. టైరు వేసి పద్నాలుగు వేల కిలోమీటర్లే అయింది. ఆ మధ్యలో రెండుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సర్దడం) కూడా చేయించాను.

అడిగితే తలా ఒక మాట చెప్పారు. "ఈ కార్లకు ఇంతే, టైర్ల డబ్బు పక్కన పెట్టుకోవాలి" అన్నారొకరు. "క్యాంబర్ ఆర్ములు (చక్రం వాలును మార్చే సస్పెన్షన్ కడ్డీలు) వేయించు" అన్నారు ఇంకొకరు. "రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు) తీసెయ్", "నాలుగూ ఒకే సైజు వెయ్" అన్నవాళ్లూ ఉన్నారు. ఏదీ పూర్తిగా తప్పు సలహా కాదు, కానీ ఒకరి కారుకు పనికొచ్చింది ఇంకొకరికి దండగ కావచ్చు. వెనక చక్రాలతో నడిచే, వెనక వెడల్పు టైర్లుండే కార్ల వాళ్లు ఇలాంటి సలహాల మధ్య ఇరుక్కున్నప్పుడు దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలో ఇక్కడ చెబుతాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

చాలామంది చూసేది ఒక్కటే, టైరు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని. అది ముఖ్యమే. దాంతోపాటు ఇంకో మూడు చూడాలి. వానలో, గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు కారు వెనక భాగం నిలకడగా ఉంటుందా? చేసిన మార్పు నచ్చకపోతే మళ్లీ పాత పద్ధతికి రావచ్చా? మన గుంతలు, స్పీడ్ బ్రేకర్ల మీద ఆ సెట్టింగ్ నాలుగు నెలలైనా నిలుస్తుందా? చివరిదాన్ని బయటి దేశాల వీడియోల్లో ఎవరూ చెప్పరు. మనకు మాత్రం సగం తలనొప్పి అక్కడే ఉంది.

## టైరును తినేది ఏది

రెండు కోణాల సంగతి తెలిస్తే చాలు. కారు వెనక నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం కారు వైపు వాలి ఉంటే అది నెగటివ్ క్యాంబర్. పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందు వైపులు కాస్త లోపలికి తిరిగి ఉంటే అది టో ఇన్.

ఒక పక్కకు వాలి నడిచేవాడి చెప్పు ఒక పక్కే అరుగుతుంది. కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేవాడి చెప్పు తొందరగా అరుగుతుంది. క్యాంబర్ మొదటి రకం, టో రెండో రకం. టైరు ఎక్కడ అరగాలో క్యాంబర్ నిర్ణయిస్తే, ఎంత తొందరగా అరగాలో టో నిర్ణయిస్తుంది. లోపలి అంచు గుండవగానే అందరూ క్యాంబర్‌ను తిడతారు, అసలు దొంగ చాలాసార్లు టోనే.

లెక్క వేసి చూడండి. ఒక చక్రం టో 0.1 డిగ్రీ ఉందంటే, కిలోమీటరు వెళ్లేసరికి ఆ టైరును 1.75 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టు లెక్క. 0.2 డిగ్రీ అయితే మూడున్నర మీటర్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కి.మీ. ఒక్క చుట్టు తిరిగితే ఆ టైరు 550 మీటర్లు గంధం చెక్కలా రోడ్డు మీద అరుగుతుంది. పదివేల కిలోమీటర్లకు అది 35 కి.మీ.

క్యాంబర్ లెక్క వేరు. 255 మి.మీ. వెడల్పు టైరును 2 డిగ్రీలు వాలిస్తే లోపలి అంచుకూ బయటి అంచుకూ ఎత్తులో దాదాపు 9 మి.మీ. తేడా వస్తుంది. ఆ తేడాను రబ్బరు, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) నొక్కుకుని సర్దుకోవాలి. ఎత్తయిన మెత్తటి సైడ్‌వాల్ సులువుగా సర్దుకుంటుంది. పలచటి, బిగువైన 35, 40 ప్రొఫైల్ (వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె) టైరు అంతగా సర్దుకోలేక బరువంతా లోపలి అంచు మీద వేస్తుంది. పోర్షా 911 (992 తరం) కరేరా వెనక 295 వెడల్పు టైర్లు ఉంటాయి, అక్కడ 2 డిగ్రీలంటే 10 మి.మీ. దాటుతుంది. పైగా ఇంజిన్ వెనకే ఉంటుంది కాబట్టి బరువులో సుమారు 60 శాతం ఆ రెండు టైర్ల మీదే.

మరి కంపెనీవాళ్లు వెనక టో ఇన్, నెగటివ్ క్యాంబర్ ఎందుకు పెడతారంటారా? మలుపులో బయటి వైపు వెనక టైరు నేలను గట్టిగా పట్టుకోవాలి, గట్టి బ్రేక్‌లో బుష్షులు (సస్పెన్షన్ జాయింట్లలోని రబ్బరు ముక్కలు) నలిగి చక్రం బయటికి తిరిగే ప్రమాదం ఉంటే అప్పటికి కొంత టో ఇన్ మిగిలుండాలి. వాళ్లు టైరు ఆయుష్షు ఇచ్చి నిలకడ కొన్నారు. ఆ బేరాన్ని మీరు కొంతవరకే తిరగరాయగలరు.

## ముందు చేత్తో తడిమి చూడండి

టైరు మీద టీడబ్ల్యూఐ (అరుగుదల హద్దు చూపే) గుర్తులు 1.6 మి.మీ. దగ్గర ఉంటాయి, కానీ అవి పెద్ద గాడుల్లోనే ఉంటాయి. లోపలి భుజం దగ్గర తీగలు తేలినా ఆ గుర్తులు "ఇంకా పర్లేదు" అంటూనే ఉంటాయి. అందుకే చక్రం ఊడదీసి చూడాలి, లేకపోతే కారు కింద ఫోన్ టార్చ్ వేసి చూడాలి. బయటి నుంచి చూసి సంతోషపడవద్దు.

అరచేత్తో టైరును అడ్డంగా ఒకసారి ఇటు, ఒకసారి అటు నిమరండి. చేప పొలుసులా ఒక దిక్కున నున్నగా, ఎదురు దిక్కున గరుకుగా తగిలితే అది టో. లోపలి వైపు నున్నగా ఏటవాలుగా అరిగితే క్యాంబర్ వాటా ఎక్కువ. అక్కడక్కడా గిన్నెల్లా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు చూపించండి. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ. మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువ, లేదా మీ కుడికాలు బరువు ఎక్కువ. ఒక్క పక్క టైరే అరిగి రెండోది బాగుంటే ఆర్ము వంగిందో, బుష్షు పోయిందో అనుకోవాలి. అలాంటప్పుడు కింది దారుల్లో ఏది ఎంచుకున్నా ముందు రిపేరు తప్పదు.

## దారులు, ఒక చూపులో

| దారి | టైరు ఆయుష్షు | నిలకడ, పట్టు | ఖర్చు | వెనక్కి తిప్పగలమా | మన రోడ్ల మీద |
|---|---|---|---|---|---|
| కంపెనీ చార్టు (ఇంత నుంచి ఇంత వరకు అని ఇచ్చిన హద్దులు) లోపలే టో, క్యాంబర్ సర్దడం | బాగా పెరగొచ్చు | దాదాపు అదే | తక్కువ | సులువుగా | బుష్షులు బాగుంటే నిలుస్తుంది |
| బుష్షులు, టో లింకులు (టోను పట్టి ఉంచే కడ్డీలు) కొత్తవి | అరిగిన కారుకు చాలా తేడా | పెరుగుతుంది | మధ్యస్థం | అవసరం ఉండదు | మంచిదే |
| సర్దుకునే క్యాంబర్ ఆర్ములు | కిందికి దించిన (ఎత్తు తగ్గించిన) కారుకు తేడా | సెట్టింగ్ చేసినవాడి మీద ఆధారం | ఎక్కువ | తీసేయొచ్చు | గట్టి జాయింట్లయితే చప్పుడు, అరుగుదల |
| గట్టి రబ్బరు టైర్లు | పెరుగుతుంది | పట్టు తగ్గుతుంది | మధ్యస్థం | తర్వాతి సెట్టుకు | బాగుంటాయి |
| నాలుగూ ఒకే సైజు | రొటేషన్ (ముందు వెనక టైర్లు మార్చుకోవడం) వల్ల పెరుగుతుంది | నడక మారుతుంది | రిమ్ములు కొనాల్సి వస్తే ఎక్కువ | అవును | ఇబ్బంది లేదు |
| అలాగే వదిలేయడం | మారదు | కంపెనీ ఇచ్చినంత | టైర్ల ఖర్చే | – | – |

## చార్టు లోపలే సర్దించడం

ఇది అందరూ చేయించామనుకునేది, నిజానికి చాలా కొద్దిమందే చేయించేది. నేను రెండుసార్లు డబ్బు కట్టినా షెడ్డువాళ్లు ముట్టుకున్నది ముందు చక్రాల టో మాత్రమే. స్క్రీన్ మీద వెనక అంకెలు కనిపించాయి, అంతే. ఇలాంటి కార్లకు మొదట వెనక చక్రాలు సర్దాలి, తర్వాత వాటి దిశను బట్టి ముందు చక్రాలు. వరస తప్పితే కారు సూటిగా పోతున్నా స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి ఉంటుంది.

రెండో మోసం, అంకె చార్టు హద్దుల్లో ఉంటే స్క్రీన్ మీద కనిపించే ఆకుపచ్చ రంగు. మీ చార్టులో వెనక మొత్తం టో 10 నిమిషాల నుంచి 26 నిమిషాల వరకు సరే అని ఉందనుకుందాం. డిగ్రీకి 60 నిమిషాలు. 10 దగ్గర ఉన్నా ఆకుపచ్చే, 26 దగ్గర ఉన్నా ఆకుపచ్చే. కానీ మొదటి కారులో ఒక్కో టైరు కిలోమీటరుకు దాదాపు మీటరున్నర ఈడుస్తుంటే, రెండోదాంట్లో 3.8 మీటర్లు ఈడుస్తోంది. రెండు కార్లూ "ఓకే సార్" అనే మాటతోనే బయటికొస్తాయి. అందుకే "ఆకుపచ్చలోకి తెండి" అనవద్దు. "వెనక టో చార్టులో తక్కువ వైపుకి, రెండు పక్కలా సమానంగా పెట్టండి. క్యాంబర్ కూడా చార్టులో సున్నాకు దగ్గరి వైపుకి తెండి" అని అడగండి. ఎఫ్30కి వెనక టో, క్యాంబర్ రెండూ ఎక్సెంట్రిక్ బోల్టులతో (తిప్పితే ఆర్ము కాస్త జరిగే బోల్టులు) సర్దుకోవచ్చు. తుప్పుపట్టి బిగుసుకుంటే మెకానిక్ "అవదు సార్" అంటాడు. అవుతుంది, నూనె కొట్టి ఓపిక పట్టాలి.

ఇంకో చిన్న సంగతి. ఈ46 (పాత 3 సిరీస్) కాలం బీఎండబ్ల్యూలకు అలైన్‌మెంట్ ముందు కారులో బరువులు పెట్టాలి. ముందు సీట్లలో 68 కిలోల చొప్పున, వెనక సీటు మధ్యలో 68, డిక్కీలో 21, ట్యాంకు నిండా పెట్రోలు. బరువుకు కారు దిగితే కోణాలు మారతాయి కదా. మా మిత్రుడొకడు పాతికేసి కిలోల బియ్యం బస్తాలు ఎక్కించుకుని షెడ్డుకు వెళ్లాడు. అందరూ నవ్వారు, అంకెలు మాత్రం మారాయి. కొత్త మోడళ్లకు ఆ పద్ధతి ఉండకపోవచ్చు, కానీ నలుగురు కుటుంబంతో తిరిగే కారును ఖాళీగా సర్దించి, తర్వాత లోపలి అంచు పోతోందంటే అర్థం లేదు.

వెనక టో పూర్తిగా సున్నా చేయించుకుంటే టైర్లు ఇంకా నిలుస్తాయి కదా అని ఆశ పుడుతుంది. వెనక చక్రాలతో నడిచే కారుకు నేనైతే వద్దంటాను. బ్రేక్‌లో బుష్షులు నలిగినప్పుడు ఆ సున్నా ఒక క్షణం టో అవుట్ కావచ్చు. తడి రోడ్డు మీద ఆ ఒక్క క్షణం చాలు.

## బుష్షులు, లింకులు

ఇది ఎవరూ ముచ్చటపడి చేయించుకునే పని కాదు. అందుకే ఎక్కువ మంది దాటేసి ఆర్ముల దగ్గరికి వెళతారు. వదులైన బుష్షు మీద చేసిన అలైన్‌మెంట్ కాగితం మీద అందంగా ఉంటుంది, మొదటి స్పీడ్ బ్రేకర్ దాకా. నా కారులో చివరికి దొరికింది ఇదే: ఎడమ వెనక టో లింకు బుష్షు చీలింది. నిలబడి ఉన్నప్పుడు అంకెలు సరిగ్గా వచ్చేవి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా చక్రం తన ఇష్టం వచ్చినట్టు తిరిగేది. కారుకు యాభై, అరవై వేల కిలోమీటర్లు దాటి ఉంటే, రాడ్డు పెట్టి ప్రతి బుష్షునూ తోసి చూడమనండి. అలైన్‌మెంట్ తర్వాత కాదు, ముందే.

## సర్దుకునే ఆర్ములు ఎవరికి

కారును కిందికి దించినవాళ్లకు. చక్రం పైకి వెళ్లేకొద్దీ చాలా కార్ల వెనక సస్పెన్షన్ నెగటివ్ క్యాంబర్ పెంచుతుంది, టోను కూడా మారుస్తుంది. 30 మి.మీ. దించితే కంపెనీ బోల్టులకు ఉన్న సర్దుబాటు మొత్తం వాడినా చాలకపోవచ్చు. అప్పుడు ఆర్ములు వేయించడంలో న్యాయం ఉంది. కంపెనీ ఎత్తులోనే ఉన్న కారుకు ఇవి వేయిస్తే, బోల్టు తిప్పి చేయగల పనికి వేలు పోసినట్టు.

హోండా ఎస్2000 యజమానులకు ఈ సంగతి బాగా తెలుసు. 1999లో వచ్చిన ఆ కారులో మొదటి తరానికి, చక్రం పైకి లేచినప్పుడల్లా వెనక టో గణనీయంగా మారేది. 2004 మోడల్‌లో హోండా ఆ మార్పును తగ్గించింది. మొదటి తరం కారును దించుకున్నవాళ్లు వెనక టైర్లు ఎందుకు కరిగిపోతున్నాయని తలలు పట్టుకున్నది ఇందుకే. క్యాంబర్ ఆర్ములు కొని, టో సర్దించకుండా వదిలేసినవాళ్లకు పెద్దగా లాభం రాలేదు.

కొనేటప్పుడు లోహపు బాల్ జాయింట్లున్నవా, రబ్బరు బుష్షులున్నవా అని అడగండి. మొదటివి ట్రాక్ మీద కచ్చితంగా ఉంటాయి. వానాకాలం బురదలో మాత్రం టకటకమని చప్పుడు చేస్తాయి. రోజూ తిరిగే కారుకు రబ్బరే మేలు. వారంటీ, ఇన్సూరెన్స్ నియమాలు కూడా చూసుకోండి.

## టైర్ల వైపు నుంచి

అమెరికా లెక్కలో టైరు మీద ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది, అంకె పెద్దదైతే అరుగుదల నెమ్మది అని అర్థం. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కు 300, అదే కంపెనీ కప్ 2కి 180. టెక్సాస్ రోడ్ల మీద సుమారు 11,500 కి.మీ. నడిపి, పోలిక టైరుతో పోల్చి ఇచ్చే అంకె ఇది. అయితే అంకె వేసుకునేది తయారీదారులే. ఒక కంపెనీ టైర్ల మధ్య పోలికకు పనికొస్తుంది, ఒకరి 300నూ ఇంకొకరి 400నూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం మాత్రం కుదరదు. టో తప్పుగా ఉన్న కారుకు 500 అంకె టైరు వేసినా లోపలి అంచే ముందు పోతుంది, కాస్త ఆలస్యంగా.

రన్‌ఫ్లాట్ల బిగువైన సైడ్‌వాల్ క్యాంబర్‌కు సర్దుకోదు, అందుకే మామూలు టైర్లు వేసుకుంటే కొంత ఊరట. కానీ అలాంటి కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. పంక్చర్ కిట్, గాలి పంపు డిక్కీలో పెట్టుకోకుండా రన్‌ఫ్లాట్లు తీయించుకోవద్దు.

నాలుగూ ఒకే సైజు వేసుకోవడం నాకు ఇష్టమైన దారి. ముందు 225, వెనక 255 ఉన్నప్పుడు ముందు వెనక మార్చుకోవడం కుదరదు, కాబట్టి వెనకవే పోతూ ఉంటాయి. ఒకే సైజు అయితే రొటేషన్ చేసుకోవచ్చు, స్టీరింగ్ కూడా చురుకవుతుంది. అయితే రిమ్ వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందనేది) సరిపోవాలి. వెనక 255 నుంచి 225కి దిగితే పట్టు తగ్గుతుంది, పవర్ ఎక్కువున్న కారుకు అది మంచిది కాదు. ఆల్ వీల్ డ్రైవ్ కారైతే నాలుగు టైర్ల చుట్టుకొలత దాదాపు సమానంగా ఉండాలని మర్చిపోకండి.

ఒక చిన్న చిట్కా, టైరు షాపులవాళ్లు చాలామంది చెప్పరు. మీ టైరు మీద తిరిగే దిశ బాణం ఉంటే, రెండు వెనక టైర్లనూ రిమ్ముల నుంచి తీసి, కుడిది ఎడమ రిమ్ముకూ ఎడమది కుడి రిమ్ముకూ బాణం సరిగ్గా ఉండేలా ఎక్కించవచ్చు. అప్పుడు అరిగిన లోపలి అంచు బయటికి వస్తుంది. టైరు మీద "బయటి వైపు" అని రాసి ఉండే రకానికి ఇది కుదరదు, కుడి ఎడమలు మార్చినా లోపలిది లోపలే ఉంటుంది. తీగలు కనిపించిన టైరుకు మాత్రం ఈ చిట్కా వాడకండి, దాన్ని పారేయడమే.

## మీరు ఏ రకం

సిటీలో ఆఫీసు, నెలకోసారి విజయవాడ లేదా బెంగళూరు. ఇదే మీ వాడకమైతే బుష్షులు చూపించి, చార్టులో తక్కువ వైపు టో, క్యాంబర్ పెట్టించండి. వంద మందిలో ఎక్కువ మందికి పని ఇక్కడితో అయిపోతుంది. ఆర్ముల మాట ఎత్తవద్దు.

తెల్లవారుజామున శ్రీశైలం ఘాట్ గానీ, మారేడుమిల్లి మలుపులు గానీ ఎక్కేవాళ్లు క్యాంబర్ మరీ తగ్గించుకోకండి. వెనక క్యాంబర్ బాగా తగ్గించి ముందుది అలాగే ఉంచితే మలుపులో వెనక భాగమే మొదట జారుతుంది. టోను మాత్రం తక్కువ వైపు పెట్టి, అరుగుదలలో మిగిలినదాన్ని ఆ ఆనందానికి కట్టిన రుసుము అనుకోండి.

హైదరాబాద్ నుంచి చెన్నై ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో కారు నడుపుకుంటూ వెళ్లేవాళ్ల సంగతి వేరు. టైర్లను ట్రాక్ కంటే రానూపోనూ హైవేనే ఎక్కువ తింటుంది. క్యాంబర్ ఎక్కువ, టో తక్కువ అనే సెట్టింగ్ మీకు పనికొస్తుంది. ట్రాక్ మీద ఆ క్యాంబర్ వల్ల టైరు అడ్డంగా సమానంగా అరుగుతుంది కూడా.

అందం కోసం కారు దించినవాళ్లకు ఆర్ములూ కావాలి, టో సర్దడమూ కావాలి. ఒకటి చేసి ఇంకోటి వదిలేస్తే డబ్బు రెండుసార్లు పోతుంది.

అమెరికాలో టెస్లా మోడల్ ఎస్ నడిపే మనవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. బరువు రెండు టన్నుల పైన, తొక్కగానే వచ్చే టార్క్, దానికి తోడు ఎయిర్ సస్పెన్షన్. హైవేలో కారు కిందికి దిగే సెట్టింగ్ పెట్టుకుంటే వెనక నెగటివ్ క్యాంబర్ పెరుగుతుంది. ఆర్ముల మీద డాలర్లు పెట్టే ముందు ఎత్తును స్టాండర్డ్‌లో ఉంచి కొన్ని వేల మైళ్లు చూడండి. అది ఉచితం.

## చేయించాక

"ముందు", "తర్వాత" అంకెలున్న ప్రింటు కాగితం అడిగి తీసుకోండి, వెనక అంకెలు నిజంగా మారాయో లేదో అక్కడే చూడండి. తర్వాత గాడి లోతు కొలిచే గేజ్‌తో ప్రతి రెండు వేల కిలోమీటర్లకు లోపల, మధ్య, బయట మూడుచోట్లా కొలిచి రాసుకోండి. లోపలిది మిగతా రెండింటికంటే వేగంగా దిగుతుంటే తీగలు తేలేదాకా ఆగక్కర్లేదు, మూడో కొలతకే తెలిసిపోతుంది.

నా కారుకు టో లింకు మార్చి, వెనక మొత్తం టో 12 నిమిషాలు, క్యాంబర్ మైనస్ ఒకటిన్నర డిగ్రీ పెట్టించాను. తొమ్మిది వేల కిలోమీటర్ల తర్వాత లోపల 5.4, మధ్యలో 5.9, బయట 6.1 మి.మీ. ఉంది. కారును దించుదామని అంతకుముందే కొన్న స్ప్రింగులు ఇంకా అట్టపెట్టెలోనే, అటక మీద ఉన్నాయి.